ట్యాంకర్ నీళ్ళ మీద వంతెన

మే 19, సోమవారం

జవాబు వచ్చింది. నాలుగేళ్ళలో ఏడు అర్జీలు పెడితే ఇదే మొదటి జవాబు. అందుకని కవరు చించకుండా అంచు కత్తెరతో కత్తిరించాను.

"స్థల పరిశీలనలో సదరు వాగు మీద వంతెన ఉన్నట్టు, ప్రజలు దానిని సంతృప్తికరంగా ఉపయోగిస్తున్నట్టు తేలినందున కొత్త వంతెన మంజూరు చేయవలసిన అవసరం కనబడదు."

ఉన్న వంతెన అంటే మా కాలుసంక, వాడుకలో సంక. ఏటా తొలకరికి ముందు పదకొండు ఇళ్ళ వాళ్ళూ ఇంటికో పోకమాను తెచ్చి, బండ నుంచి బండకి పరిచి, పేము తీగతో కట్టి, చౌడమ్మకి కొబ్బరికాయ కొట్టి, కోడిని కోసి, గట్టు మీదే వండుకు తింటారు. కార్తీకం నాటికి అది కుళ్ళిపోతుంది. అప్పటికి నీళ్ళూ తగ్గుతాయి. మళ్ళీ ఏడు మళ్ళీ కొత్త మానులు. కిందటి అక్టోబరులో ఇంజినీరు వచ్చినప్పుడు బూట్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో హూవప్ప తాతని పట్టుకుని దాన్ని దాటాడు. అవతల బోండం తాగి, "భలే గట్టిగా కట్టారయ్యా" అన్నాడు. ఆ మెచ్చుకోలే ఇప్పుడు టైపయి, ముద్ర పడి వచ్చింది.

కాన్వెంటులో సిస్టర్ బెనెడిక్టా ఉత్తరాలు రాయడం నేర్పేటప్పుడు అనవసరపు మాటకి ఒక మార్కు కోసేవారు. "సంతృప్తికరంగా"కి ఎన్ని కోసేవారో.

మే 25, ఆదివారం

హూవప్ప తాత పెరట్లో అందరూ కూర్చున్నారు. మంగళవారం సంక వెయ్యాలని ముందే అనుకున్నారు. నేను ఉత్తరం చదివి వినిపించాను.

ఈ ఏడు సంక వెయ్యకపోతే ఉందని రాయడానికి వీలుండదు కదా అని ఎవరో అన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడారు.

హూవప్ప తాతకి నచ్చలేదు. యాభై ఏళ్ళుగా మొదటి మాను పరిచేది ఆయనే.

"ఆఫీసు వాళ్ళు చూడాలని వేస్తున్నామా ఏంటి మనం? దాటడానికి వేస్తున్నాం" అన్నాడు.

"దాటుతున్నాం కాబట్టే ఎవడికీ పట్టట్లేదు తాతా" అన్నాడు మంజప్పన్న. "ఒక్క వానాకాలం ఆగుదాం. వాళ్ళే పరిగెత్తుకొస్తారు."

చేతులెత్తమన్నారు. తొమ్మిది ఇళ్ళు ఆగుదామన్నాయి. తాత చెయ్యి ఎత్తలేదు, దించలేదు. మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

నేను చదివి వినిపించానంతే.

మే 31

మంజప్పన్న కూతురు చైత్ర వచ్చి నా పాత వ్యాకరణం పుస్తకం పట్టుకుపోయింది. ఎల్లుండి నుంచి పదో తరగతి. మా వాడ నుంచి నడిచి వెళ్ళి చదువుకుంటూ పది దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల తనే. నన్ను సిస్టర్లు అయిదో తరగతిలోనే హాస్టలుకి తీసుకుపోయారు కాబట్టి నేను లెక్కలోకి రాను. మిగతా పిల్లలు చిన్నవాళ్ళు, వాళ్ళ బడి వాగుకి మా వైపే ఉంది. హైస్కూలుకి దాటాల్సింది చైత్ర ఒక్కతే.

"అక్కా, వంతెన ఎప్పుడు కడతారు?" అని అడిగింది. ఏదో చెప్పాను.

జూన్ 8

వాన.

జూన్ 10, మంగళవారం

వాగు మానులు పరిచే బండలని కప్పేసింది. సామాను తీసుకుని చుట్టుదారిన వాగు అవతలి నెల్లిబైలు వచ్చాను. అడవిలోంచి పదకొండు కిలోమీటర్లు. జలగలు, దూరంగా రెండు అడవిదున్నలు.

పంచాయతీ గ్రంథాలయం వెనక వీధిలో గది తీసుకున్నాను. గ్రంథాలయం రోజూ నేనే తెరవాలి కాబట్టి తప్పదు. ఎనిమిదడుగులు బై తొమ్మిది. నా పరీక్ష పుస్తకాలు పరిస్తే నేల కనబడదు. ఈసారి పాలనా శాస్త్రం పేపరు బాగా రాయాలి.

గ్రంథాలయానికి ఈ ఏడు మూడు కంప్యూటర్లు వచ్చాయి. ప్లగ్గులు వచ్చే ఏడు వస్తాయట. ప్రస్తుతం వాటి మీద దినపత్రికలు ఆరేసుకుంటున్నాను.

జూన్ 12

ఎనిమిదో అర్జీ పంపాను. ఫొటో జత చేశాను. ఫొటోలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. అంత స్పష్టమైన సాక్ష్యం ఇంతవరకూ ఎవరూ పంపి ఉండరు.

జూన్ 18

గ్రంథాలయానికీ సమావేశం గదికీ మధ్య ప్లైవుడ్ గోడ. నేను చెవులు మూసుకున్నా పంచాయతీ పాలన అంతా నాకు వినబడుతుంది.

అధ్యక్షురాలు లలితాక్షి గారు. సమావేశాలకి ఆవిడ భర్త శేఖరప్ప వస్తారు. ఆవిడ సంతకానికి వస్తారు. ఇవాళ విషయం: జూలై నెలాఖరులో తాలూకా పట్నంలో వాన ఉత్సవం, మంత్రిగారు మా ఊరి మీదుగా కారులో వెళతారు. కాబట్టి ఊరి మొదట్లో స్వాగతద్వారం కట్టాలి. డబ్బు? గ్రామాల అనుసంధానం కింద వచ్చిన పద్దెనిమిది లక్షలు కదలకుండా ఉన్నాయి.

అది దారులకీ వంతెనలకీ కదా అని కార్యదర్శి నసిగాడు. శేఖరప్ప దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"ద్వారం మాత్రం అనుసంధానం కాదటయ్యా? ఊరినీ లోకాన్నీ కలిపేది అదే."

ఏకగ్రీవం. బజ్జీల వాసన గోడ దాటి వచ్చింది.

జూన్ 22, ఆదివారం

ఇంటికి వెళదామనుకున్నాను. వాన ఎక్కువగా ఉంది.

జూన్ 27

ఇంజినీరు వచ్చాడు. మేము అనుకున్నట్టే. పరిగెత్తి మాత్రం రాలేదు.

కార్యదర్శి, నేను కూడా వెళ్ళాం. గొడుగుల కింద ముగ్గురం ఇవతల. అవతల హూవప్ప తాత, చైత్ర, ఇంకో నలుగురు, నెత్తిన వానకి ఆకులతో అల్లిన గొరబులు వేసుకుని. మధ్యలో వాగు, బురద రంగులో, చెట్ల కొమ్మలు లాక్కుపోతూ. తాత ఏదో అరిచాడు. నీళ్ళ హోరులో వినబడలేదు. ఇంజినీరు చెయ్యి ఊపాడు.

ఇరవై నిమిషాలు నిలబడి గడియారం చూసుకుని నన్ను అడిగాడు: "ఇక్కడ దాటేవాళ్ళు ఎవరమ్మా?"

"అదిగో, వాళ్ళు."

"వాళ్ళు నిలబడ్డారు కదా. దాటేవాళ్ళు?"

దాటడానికి ఏమీ లేదు కదా అని చెప్పాలి. నేను చెప్పాననుకుంటున్నాను. బహుశా గొంతు బయటికి రాలేదు. ఆయన రాసుకుంటున్నాడు.

జూలై 9

"సదరు స్థలంలో ప్రజల రాకపోకలు లేనట్టు తేలినందున వంతెన అవసరం కనబడదు."

జూలై 10

ఒక్క అనవసరపు మాట లేదు. సిస్టర్ బెనెడిక్టా అయితే పదికి పది వేసేవారు.

కిందటేడు వంతెన ఉంది కాబట్టి వంతెన అక్కర్లేదు. ఈ ఏడు వంతెన లేదు కాబట్టి వంతెన అక్కర్లేదు. పాలనా శాస్త్రం పుస్తకంలో ఈ అధ్యాయం ఎందుకు పెట్టలేదో.

జూలై 14, సోమవారం

గుత్తెమ్మక్క వచ్చింది. చైత్ర తల్లి. చుట్టుదారిన నడిచి వచ్చింది. గ్రంథాలయం గడప దగ్గరే కూర్చుని కాళ్ళకి పట్టిన జలగలకి సున్నం రాసి ఒక్కొక్కటీ తీస్తూ మాట్లాడింది. చైత్ర బడికి వెళ్ళి నెల దాటిందట. వానల మొదటి వారం చుట్టుదారిన రెండుసార్లు వెళ్ళింది. రెండోసారి దారికి అడ్డంగా అడవిదున్న నిలబడింది. మంజప్పన్న ఇక వద్దన్నాడు.

రెండో ఉత్తరం చదివించుకుంది. పనస అప్పడాలు ఇచ్చింది. చాలాసేపు అప్పడాల సంగతే చెప్పింది. లేవబోతూ అడిగింది.

"నీ గదిలో ఇంకో మనిషికి చోటుంటుందా సుజయా?"

గది ఎంతో చెప్పాను. పుస్తకాల సంగతి, పరీక్ష సంగతి చెప్పాను. దీపం పెట్టుకుని చదువుతాను కాబట్టి పక్కనున్న వాళ్ళకి నిద్ర పట్టదని చెప్పాను. గది అద్దెకిచ్చిన ఇంటావిడ ఒప్పుకోదని కూడా చెప్పాను. వాన తగ్గాక చూద్దామన్నాను.

"అంతేలే. నీకూ ఇబ్బందే" అంది.

వాన తగ్గాక వాగు ఎవరైనా దాటొచ్చు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

ఇంటావిడని ఇంకా అడగలేదు.

జూలై 16

ఈ రోజు ప్లైవుడ్ గోడ అవతల విన్నది అక్షరం మార్చకుండా రాస్తున్నాను. లేకపోతే తర్వాత నేనే నమ్మను.

వాన ఉత్సవంలో ఒక్కో పంచాయతీ తన సంప్రదాయాన్ని ప్రదర్శించాలట. ఒక పంచాయతీ బురదపొలం పరుగుపందెం తీసేసుకుంది. ఇంకోటి చామాకులతో చేసే పత్రొడె వంటకం. మనకేం మిగిలింది అని శేఖరప్ప అడిగారు. కార్యదర్శి కాలుసంక అన్నాడు.

పట్నం మైదానంలో గొయ్యి తవ్వుతారు. ప్లాస్టిక్ పరుస్తారు. నీళ్ళు నింపుతారు. దాని మీద సంక. మంత్రిగారు దాటుతారు. ఆరు లక్షలు.

"ఈ వానలో గొయ్యి దానంతటదే నిండుతుంది కదండీ" అన్నాడు కార్యదర్శి.

"వాన నీళ్ళు ఎర్రగా ఉంటాయయ్యా. ఫొటోలో బావుండదు. ట్యాంకర్ చెప్పు."

నవ్వు వస్తే దగ్గుగా మార్చాను.

జూలై 19, శనివారం

సంక వెయ్యడం పంచాయతీలో ఎవరికీ రాదు. జీపు పంపి, అడవి చుట్టూ తిప్పి హూవప్ప తాతని తీసుకొచ్చారు. పట్నం పోయే ముందు ఆయన గ్రంథాలయానికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. బట్టలు తడిగా ఉన్నాయని.

లోతు ఎంత అని శేఖరప్పని అడిగాడట. మోకాలి దాకా అన్నారట. మోకాలి లోతుకి వంతెన ఎందుకు అని అడిగాడట. ఎండుపోకమానులు దొరకలేదు, పచ్చివి తెప్పించారట. నాలుగు రోజుల పనికి నాలుగు వారాల కూలి ఇస్తారట.

"వెయ్యనా, వద్దా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు" అన్నాడు.

మీ ఇష్టం తాతా అన్నాను.

ఆయన అరచేతులు చూసుకున్నాడు. "చెయ్యి ఊరుకోవట్లేదే అమ్మా. బుద్ధి తెలిశాక వెయ్యకుండా పోయిన ఏడు ఇదొక్కటే."

వెళ్ళాడు.

జూలై 21

సంక పక్కన పెట్టే బోర్డుకి నాలుగు వాక్యాలు రాసిమ్మని శేఖరప్ప అడిగారు. "మీ చేతిరాత బావుంటుంది మేడమ్" అన్నారు. అర్జీలు చదవకపోయినా చేతిరాత గమనించినందుకు సంతోషించాలి.

రాశాను. "పూర్వం మలెనాడు ప్రజలు వర్షాకాలంలో వాగులు దాటడానికి ఇలాంటి వంతెనలు వేసుకునేవారు" అని మొదలుపెట్టాను. పూర్వం అంటే కిందటేడు. అబద్ధం ఏమీ లేదు.

జూలై 27, ఆదివారం

ఉత్సవం. బస్సు పెట్టారు, అందరం వెళ్ళాం. అందరం అంటే వాగుకి ఇవతలి వాళ్ళం. హైస్కూలు పిల్లలని యూనిఫారంలో తెచ్చి చప్పట్లకి కూర్చోబెట్టారు.

మా ఊరి స్వాగతద్వారం కింద నుంచే బస్సు వెళ్ళింది. రెండు వైపులా సిమెంటు ఏనుగులు. దాటగానే రోడ్డులో పడిన గుంతకి ముందు సీటు నా పెదవికి తగిలింది.

సంక బాగా వచ్చింది. అది మాత్రం నిజం. పచ్చిమానులే అయినా తాత కట్టిన కట్లు చూస్తే ముచ్చటేసింది. ఎనిమిదడుగుల వెడల్పు గొయ్యి, నీలం ప్లాస్టిక్, స్వచ్ఛమైన ట్యాంకర్ నీళ్ళు. మీద వాన పడి నీళ్ళు ఎర్రబడకుండా ఉదయం నుంచి పైన టార్పాలిన్ పట్టుకున్నారు.

తాత తలకి ఎర్ర పాగా చుట్టి, చేతికి గొరబు ఇచ్చి నిలబెట్టారు. మంత్రిగారు ఆయన చెయ్యి పట్టుకుని దాటారు. కెమెరాలో సరిగా పడలేదని వెనక్కి దాటారు. మళ్ళీ ముందుకి దాటారు. మా వాగు మీద కూడా ఇంత రద్దీ ఎప్పుడూ లేదు. ఇంజినీరు అక్కడే ఉన్నాడు. ఈసారి రాకపోకలు లేవని రాయలేడు.

తాతకి జానపద కళాకారుడని ప్రశంసాపత్రం ఇచ్చారు. అది పుచ్చుకుంటూ ఆయన మంత్రిగారితో ఏదో అన్నాడు. తర్వాత అడిగితే చెప్పాడు: మా వాగు మీద నిజంది ఒకటి కావాలి సార్, పిల్ల బడి మానేసింది అన్నాడట. మంత్రిగారు "తప్పకుండా, తప్పకుండా" అని భుజం తట్టి పత్రొడె దుకాణం వైపు వెళ్ళారట.

తర్వాత ప్రసంగం. ఇంత గొప్ప సంప్రదాయం అంతరించిపోతుంటే గుండె తరుక్కుపోతోందన్నారు. దాన్ని కాపాడడానికి ఈ సంకని ఇక్కడే శాశ్వతంగా ఉంచి, వానకి కుళ్ళకుండా పైకప్పు, చుట్టూ కంచె వేసి, కాపలా మనిషిని పెడతామని ప్రకటించారు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరూ కొడుతుంటే చేతులు ఊరికే పెట్టుకు కూర్చోవడం నాకు రాదు.

ఆగస్టు 4

హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలు పత్రిక కోసం వచ్చారు. చైత్ర మాట తనే ఎత్తారు. చైత్రకి ముప్ఫై ఆరు రోజులు పోయాయట. యాభై దాటితే పరీక్షకి హాల్ టికెట్ రాదు.

"తెలివైన పిల్ల. ఇటువైపు ఎవరూ లేరా వాళ్ళకి?" అన్నారు.

వాన చాలా ఎక్కువగా ఉందండీ ఈ ఏడు అన్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

మంజప్పన్న పంచాయతీకి వచ్చాడు. నివాస పత్రం కావాలట. చైత్రని తీరంలో ఉన్న మేనత్త దగ్గరికి పంపుతున్నాడు. ఆవిడ జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఇప్పటికి ఇంట్లో సాయానికి, పదహారు నిండాక ఫ్యాక్టరీకి. పంద్రాగస్టు అయ్యాక సోమవారం బస్సుకి ప్రయాణం.

ఇంకా పది రోజులు చేతిలో ఉన్నాయి, ఇప్పటి నుంచి రోజూ వస్తే హాల్ టికెట్ వస్తుంది అని చెప్పాను. నేలచూపులతోనే, కానీ చెప్పాను.

"ఎట్లా వస్తది? ఈదుకుంటూనా?" అన్నాడు. కోపంగా కాదు. "వంతెన రాదని ఉత్తరం నువ్వే చదివావు. మొదటిదీ నువ్వే, రెండోదీ నువ్వే."

సంతకానికి గంటన్నర కూర్చున్నాడు. లలితాక్షి గారు ద్వారానికి రంగు ఎంచడానికి వెళ్ళారు.

ఆగస్టు 10, ఆదివారం

హూవప్ప తాత మందుల కోసం చుట్టుదారిన వచ్చాడు. ఇప్పుడైనా సంక వెయ్యలేమా అని అడిగాను.

"ఇప్పుడా? కాలు నిలిస్తే కదే మాను నిలిచేది. వాన ముందర వెయ్యాల్సింది వాన ముందరే" అన్నాడు.

వీధి చివర దాకా సాగనంపాను. ఆయన నా గది తలుపు వైపు చూశాడు. నేనూ చూశాను.

ఆగస్టు 12

మే 25న రాసింది సరిగా లేదు.

"ఎవరో అన్నారు" అని రాశాను. ఆ వాక్యం మీద గీత కొట్టబోయి మానేశాను. అన్నది నేను. ఉత్తరం మడిచి పెట్టాక, ఎవరూ అడగకుండానే, "ఈ ఏడు సంక వెయ్యకపోతే ఉందని రాయలేరు కదా" అన్నాను. నా గొంతు నాకే వినబడింది. పదిహేను మంది మగవాళ్ళు నా వైపు తిరిగారు. మంజప్పన్న "అబ్బో, ఇది తెలివంటే. సిస్టర్లు ఊరికే చదివించలేదు" అన్నాడు. ఒకరు నవ్వారు, ఒకరు తల ఊపారు. నేను ఇంకా చెప్పాను. ఫొటో తీద్దాం, పత్రికకి పంపుదాం, ఒక్క వానాకాలం కష్టపడితే జన్మంతా సుఖం అని చెప్పాను. అంతసేపు నా మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

అది నాకు బాగుంది.

తాత ఒక్కడే, దాటాల్సిన పిల్ల సంగతి ఏంటి అన్నాడు. అదీ నేను రాయలేదు. ఒక్క ఏడు ఏదో ఒకటి చేద్దాం తాతా అన్నాను. "చేద్దాం" అన్నాను. జూన్ పదిన గది అద్దెకి తీసుకున్నాను. ఒకరికి.

శేఖరప్ప గురించి, ఇంజినీరు గురించి ఇన్ని పేజీలు రాశాను. చదువుకుంటే నవ్వు వస్తుంది. బాగా రాశాననే అనుకుంటూ రాసినట్టున్నాను. ఉన్న డబ్బుని అవసరమైన చోట కాకుండా ఇంకో చోట పెట్టారని వాళ్ళని వెక్కిరించాను. నా దగ్గర ఉన్నది ఒక గది. అందులో పుస్తకాలు పెట్టాను.

ఆగస్టు 15

ఈసారి జెండా స్వాగతద్వారం మీద ఎగరేశారు. పంచాయతీ ఆఫీసు కంటే అది ఎత్తుగా ఉంది. తాడు సిమెంటు ఏనుగు దంతానికి చిక్కుకుంది. ఇరవై నిమిషాలు స్వాతంత్ర్యం కింద వేలాడింది. తర్వాత లడ్డూలు.

ఇంటావిడని అడిగాను. "మీ వాడ పిల్లా? ఉండనీ. ఇందుకు నన్ను అడగాలా?" అంది.

నెల రోజులుగా ఒప్పుకోని ఇంటావిడ.

ఆగస్టు 16

పట్నం నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. సంకకి పైకప్పు పడింది. కాపలా మనిషికి విజిల్ ఇచ్చారు. ఎవరూ దాని మీద నడవకూడదు.

రేపు వాన వచ్చినా రాకపోయినా వెళతాను. రాసి పెట్టుకుంటున్నాను, తప్పించుకోకుండా.

ఆగస్టు 17, ఆదివారం

ఉదయం ఆరుకి బయలుదేరి తొమ్మిదిన్నరకి ఆచెమనె చేరాను. మా వాడ పేరుకి అర్థమే అవతలి ఇళ్ళు అని. ఇంతకాలం ఆ పేరు పెట్టినవాళ్ళని తప్పు పట్టేదాన్ని. ఈ రెండు నెలల్లో నేనూ అవతలి ఇళ్ళనే అనుకున్నాను.

అమ్మ నా కాళ్ళు చూసి సున్నం తెచ్చింది. ఇన్ని ఆదివారాలు ఎందుకు రాలేదని అడగలేదు.

మంజప్పన్న అరుగు మీద హూవప్ప తాత కూడా ఉన్నాడు. చైత్ర సంచీ సర్ది గోడకి ఆనించి ఉంది. చైత్ర లోపల ఎక్కడో ఉంది, నేను వచ్చానని తెలిసీ బయటికి రాలేదు. గుత్తెమ్మక్క బియ్యపు రొట్టె కాలుస్తూ, "కూర్చో" అంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

సంక వద్దన్నది నేనని చెప్పాను.

ముగ్గురూ నా వైపు చూశారు. మంజప్పన్న తాత వైపు తిరిగాడు.

"ఇది చెప్పడానికి పదకొండు కిలోమీటర్లు నడిచిందా? మేమంతా అక్కడే కూర్చుని విన్నాం కదా."

నిజమే. అందరూ విన్నారు. రాయకుండా దాచింది నా డైరీలో మాత్రమే. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వద్దన్నది నువ్వే. ఆపింది మేము" అన్నాడు తాత. "ఇంత పెద్దవాళ్ళం, నీ మీద వేస్తామా?"

"చైత్రని నా దగ్గర ఉంచండి" అన్నాను. "రేపటి నుంచి. వాన తగ్గేదాకా. ఇంకా నాలుగు రోజులు మిగిలి ఉన్నాయి, నేను లెక్క చూశాను."

మంజప్పన్న నవ్వాడు. "నీ గది చిన్నదట కదా."

"చిన్నదే."

"చదువుకోవాలట కదా."

"అవును."

"ఇంటావిడ ఒప్పుకోదట."

"అబద్ధం చెప్పాను అన్నా. అడగలేదు."

గుత్తెమ్మక్క పెనం మీద రొట్టె తిప్పలేదు. మాడిన వాసన వచ్చింది. ఆవిడ వెనక్కి తిరగకుండానే అంది: "నేను ఆ రోజు రెండోసారి అడగలేదు. నువ్వు మళ్ళీ కాదంటే తట్టుకోలేనని."

ముందుకు వెళ్ళి పెనం దించాను.

మంజప్పన్న చాలాసేపు పోకచెక్క కత్తిరించుకుంటూ కూర్చున్నాడు. చెల్లెలికి మాట ఇచ్చానన్నాడు. ఆవిడ రేపు బస్సు దగ్గరికి వస్తుందన్నాడు. వచ్చే ఏడు వానకి మళ్ళీ ఇదే కదా అన్నాడు. వచ్చే ఏడు వాన ముందర ఎవరు ఎన్ని ఉత్తరాలు చదివినా సరే మొదటి మాను పరిచేస్తానన్నాడు తాత. మంజప్పన్న అడకత్తెర పక్కన పెట్టాడు.

"నీ పరీక్ష పోతే మమ్మల్ని అనకు" అన్నాడు.

లోపల నుంచి చైత్ర వచ్చింది. ఎవరినీ చూడకుండా సంచీ తీసుకుని, పై నుంచి రెండు చీరలు, మేనత్తకి పెట్టిన అప్పడాల కట్ట బయట పెట్టింది. ఖాళీ అయిన చోట పుస్తకాలు సర్దింది. నా పాత వ్యాకరణం కూడా ఉంది.

చుట్టుదారిన పదకొండు కిలోమీటర్లూ తనే ముందు నడిచింది. సగం దూరం వచ్చాక ఒక్కసారి ఆగింది. నా మెడ మీద జలగ ఉందని చూపించింది. తీయలేదు.

ఆగస్టు 18, సోమవారం

చైత్ర మొదటి గంటకే బడిలో ఉంది.

నిన్న సాయంత్రం నా పుస్తకాలు గోడ వారకి పేర్చి తన చాపకి, సంచీకి చోటు చేశాను. పది నిమిషాలు పట్టింది.